తాతయ్యకు వినబడని గాలి చప్పుడు

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే కార్ఖానా ఊళ్లో, సోనారి పేటలో మా వీధివాళ్ల కారుకి జబ్బు చేస్తే, పనిముట్ల కంటే ముందు మా తాతయ్య చెవి కావాల్సి వచ్చేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కార్ఖానాలో ఏళ్ల తరబడి చేసి దిగిపోయిన మనిషి. పొడవాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజినుకీ, పిడిని చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. తప్పెక్కడుందో చెప్పేసేవాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆయన మనవరాలినని నాకు మహా గర్వంగా ఉండేది.

పక్కింటి బాబాయికి అద్దెకు తిప్పే పాత కారు ఉండేది. ఒక ఆదివారం మా గుమ్మం ముందు తాతయ్య దాని ప్లగ్గులు శుభ్రం చేసి, ఇంజిను ఆపి, టీ తాగడానికి లోపలికి వెళ్లాడు. తెరిచిన బానెట్ కింద, ఇంజిను గాలి పీల్చుకునే చోట, ఒక సన్నని గొట్టం కొసకి నల్లటి రబ్బరు మూత కనబడింది. నా ఎత్తు వాళ్లకే కనబడేంత కింద ఉంది అది. పెన్సిలు వెనక తగిలిస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. లాగేశాను. నా బుద్ధి గడ్డి తింది, మరేం చెప్పను.

మర్నాటి నుంచి ఆ కారు రోడ్డు మీద బాగానే పోయేది గానీ, ఎక్కడైనా ఆపితే ఒళ్లంతా వణికి, ఒక్కోసారి చచ్చి ఊరుకునేది. సాక్చి బజారులో రెండుసార్లు ఆగిపోయిందని, ఎక్కినవాళ్లు దిగి ఆటో పట్టుకున్నారని బాబాయి మొహం వేలాడేసుకుని వచ్చాడు. తాతయ్యకి తలకొట్టేసినట్టయింది. తన చెయ్యి పడ్డ బండి కదా. కార్బురేటరు విప్పి కడిగాడు. ప్లగ్గుల తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు. ఏది లాగినా ఇంజిను ఇంకాస్త కుంటేది, అంటే ప్లగ్గులన్నీ పనిచేస్తున్నట్టే. మరి లోపమెక్కడ? నాకు మాత్రం గుమ్మంలోంచే వినబడుతోంది, ఆ గొట్టంలోకి గాలి సుయ్‌మని పోవడం. కార్ఖానా హోరు తాతయ్య చెవుల్లోంచి సన్నని చప్పుళ్లన్నిటినీ ఎప్పుడో తీసుకుపోయింది. ఆ సంగతి ఆయనకే తెలియదు.

మూడో రోజు నన్ను పిలిచాడు. ఆయన ఎవరినైనా సాయం అడగడం నేను అంతకుముందు చూడలేదు. స్క్రూడ్రైవరు పిడి నా చెవి దగ్గర పెట్టాడు.

“నీ చెవులు కొత్తయి కదమ్మీ. నాకేటీ తెలట్లేదు. నీకేటైనా ఇనబడతందేటి?”

చెవి నిండా ఆ చప్పుడే ఉంది. చెబితే మూత సంగతి బయటపడుతుంది, వీపు విమానం మోత మోగుతుంది.

“ఏటీ నేదు తాతయ్యా,” అన్నాను.

మారుమాట లేకుండా నమ్మేశాడు. ఇంజిను లోపలే ఏదో పాడైందని తేల్చి, ఇక తన వల్ల కాదని బాబాయికి చెప్పేశాడు. మర్నాడు పొద్దున్నే ఆదిత్యపూర్ నుంచి కార్లు బాగుచేసే మిస్త్రీ ఒకడు వచ్చాడు. బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి, తిన్నగా ఆ గొట్టం కొస మీద వేలు పెట్టాడు. ఇంజిను కుదుటపడింది. ఇంత చప్పుడు వినబడలేదా చాచా అని హిందీలో అడిగి నవ్వాడు. దీని మూత ఏమైందని బాబాయి అడిగాడు. బడికి బయల్దేరిన నా చేతిలో పెన్సిలుంది. తాతయ్య దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“నానే పెట్టడం మరిసిపోనాను బాబూ,” అన్నాడు.

ఆ తర్వాత మా గుమ్మం ముందుకి కార్లు రాలేదు. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, అందరూ మర్యాదస్తులే. ఆదిత్యపూర్ వైపు తిప్పుకునేవారు, అంతే. తాతయ్య పనిముట్లకి నూనె రాసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నన్నొక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లే ఉన్నాడు. చెప్పుకోవడానికి నాకు రోజులేం కరువు? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆయన్ని సాగనంపాను.

ఇప్పుడు నా చెవులూ మందగించాయి. ఎవరో తలుపు కొట్టినట్టుంది చూడవే అంటే, మా మనవరాలు ఫోన్లోంచి తల ఎత్తకుండా “కోయీ నహీ హై అమ్మమ్మా” అంటుంది, ఎవరూ లేరని. నేను రెండోసారి అడగను. ఈ పిల్ల నాతో అబద్ధమెందుకు చెబుతుందిలే అనుకుంటాను. ఆయనా ఆ రోజు అలాగే అనుకుని ఉంటాడు.