మెషిన్ ఆపిన శుక్రవారం

నిన్న మా జెద్దా ఇంట్లో వాషింగ్ మెషిన్ బట్టలు పిండుతూ గడగడలాడుతుంటే, వంటింట్లో చేపలు కడుగుతున్న నేను నాకు తెలియకుండానే పాటెత్తుకున్నాను. మా ఆయన ఫోన్లోంచి తలెత్తి, "ఇవాళ మంగళవారమేనోయ్" అని నవ్వారు. ఏం చెయ్యను, ఏళ్ళ తరబడి అలవాటు. ఆ మోత వింటే నా నోరు ఊరుకోదు. ఆ వెంటే చైనా చెల్లెలు గుర్తొస్తుంది, ఇక చేతిలో పని మీద మనసు నిలవదు.

సంగతేమిటంటే, ఈ సౌదీలో చర్చిలుండవు. మేం నాలుగైదు కుటుంబాల వాళ్ళం శుక్రవారం సెలవుపూట మా ఫ్లాట్లో కూడిక పెట్టుకునేవాళ్ళం. మాదసలే గోదావరి జిల్లా. మా ఊళ్ళో ప్రార్థనంటే మైకు సెట్టు, కంజీర, చప్పట్లు, పక్క ఊరు కూడా మారుమనసు పొందాలన్నంత హోరు. అలాంటి గొంతులేసుకొచ్చి ఇక్కడ గుసగుసగా పాడుకోమంటే మా వల్ల అవుతుందా? నాలుగ్గోడల మధ్య చేసుకుంటే ఎవరూ ఏమీ అనరని కొందరనేవాళ్ళు. మా ఆయన వింటేగా! ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, ఉద్యోగమూ, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డూ రెండూ ఊడతాయి, పెట్టే బేడా సర్దుకోవాలి అని ఆయన బెంగ. పైన కడప నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ, అక్క అన్నట్టు మేమంతా ఆపా అనేవాళ్ళం, మంచి మనిషే, రంజాన్ నెలంతా మాకు గిన్నెలు గిన్నెలు పంపేది. అయినా ఆయనకు అడుగుల చప్పుడు వినబడితే చాలు, గుండెల్లో రాయి పడేది. అందుకని ఉపాయం కూడా ఆయనే కనిపెట్టారు. పాటకు ముందు మెషిన్లో దుప్పట్లు పడేసి తిప్పడం. ఉతికిన దుప్పట్లే ఉతికి ఉతికి జల్లెడలైపోయాయి. మధ్యలో నీళ్ళు పట్టుకోడానికి మెషిన్ ఆగితే మేమూ చరణం సగంలో టక్కున ఆగేవాళ్ళం. దేవుడు మాత్రం ఏమనుకునేవాడో!

మా కింది ఫ్లాట్లో ఉండే చైనా అమ్మాయి, నేను చెల్లెలనుకున్న పిల్ల, ఆ కూడికకు వచ్చేది. రేవు దగ్గర వాళ్ళ దేశపు కంపెనీలో ఆఫీసు ఉద్యోగం. ఒకసారి నేను పనిచేసే ఆసుపత్రికి జ్వరంతో వచ్చి, నేను రక్తం తీయబోతుంటే కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. భయపడి గొణుక్కునేదెవరో, ప్రార్థించేదెవరో నర్సుకు తెలియదూ? చెవి దగ్గర మెల్లిగా "జీసస్?" అని అడిగాను. సూది కూడా మర్చిపోయి నా చెయ్యి పట్టేసుకుంది.

కూడికలో మాత్రం ఆమెకు గొంతే ఉండేది కాదు. తెలుగు రాదు సరే, తన భాషలో పాడుకోవచ్చుగా? పెదాలు కదిలేవి, మెడ నరాలు ఉబ్బేవి, చప్పుడు మాత్రం సున్నా. నాకు ఒళ్ళు మండి ఒకరోజు అడిగేశాను. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ దేశంలో సర్కారు గుర్తింపు ఉన్న పెద్ద పెద్ద చర్చిలున్నాయట, గాయకబృందాలున్నాయట. వాళ్ళమ్మ వాళ్ళది మాత్రం ఇంట్లో కూడుకునే చిన్న సంఘం. గోడ అవతల వినబడకూడదని పెదాలతోనే పాడేవాళ్ళు. "గొంతు లోపల పెట్టుకో, దేవుడు పెదాలు చూస్తాడు" అని వాళ్ళమ్మే నేర్పిందట. పెద్దయ్యాక పట్నంలో పెద్ద చర్చికి వెళ్ళి నిలబడినా ఇక ఆ గొంతు బయటికి రాలేదట.

ఆ యేడు వాళ్ళమ్మ మంచాన పడింది. చూపు అంతకుముందే పోయింది. ఈ పిల్ల వెళ్దామంటే కంపెనీ వాళ్ళు దేశం దాటి మళ్ళీ రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ పర్మిషన్ ఇదిగో అదిగో అంటున్నారు. ఒక శుక్రవారం కూడిక మధ్యలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద దిండులో కూరుకుపోయిన ముసలి మొహం, పక్కన వాళ్ళ పిన్ని. అమ్మ పాట అడుగుతోందని పిన్ని చెప్పిందట. మా పిల్ల ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని పాడటం మొదలెట్టింది, పెదాలతోనే! కళ్ళమ్మట ధారలు. ముసలమ్మ ఏదో అంది. దాని అర్థం తర్వాత తెలిసింది, "ఫోన్ కట్టయిందా?" అని.

అర్థం తెలియకపోయినా ఆ గుడ్డి కళ్ళు వెతకడం కనిపించిందిగా. నాకిక కాలు నిలవలేదు. ఒక్క అంగలో వెళ్ళి మెషిన్ ఆపేశాను. "ఏమిటే నువ్వు చేసేది!" అని మా ఆయన వెనకే పరుగెత్తుకొచ్చారు. ఇల్లంతా నిశ్శబ్దం. "పాడవే తల్లీ, గొంతెత్తి పాడు" అన్నాను, తెలుగులోనే. మొదట దగ్గొచ్చింది. తర్వాత తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం. ఆ తర్వాత, అబ్బ, పాట!

అంతలో తలుపు టకటకా. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తీస్తే ఆపా. "ఏమ్మా, శుక్రవారం శుక్రవారం తిరిగే మిషన్ ఈ పొద్దు సగంలో నిలిచిపాయె, ఎవురికన్నా బాగలేదేమోనని వస్తిని" అంది. నేను ఆ పిల్ల వైపు చూపించి, వాళ్ళమ్మ చివరి ఘడియల్లో ఉందన్నాను. ఆపా కాసేపు విని కళ్ళొత్తుకుంది. "పాడనీమ్మా. మాకు తెల్దా, వారం వారం అన్ని దుప్పట్లు ఎవురుతుకుతారు!" అని తలుపు తనే మూసుకుని వెళ్ళిపోయింది.

పాట అయిపోయాక ముసలమ్మ చిన్నగా ఏదో అడిగింది. మా పిల్ల ఒక్కసారి నవ్వేసి, వెంటనే భోరుమంది. వాళ్ళమ్మ అడిగిందట, "ఎవరా పిల్ల? గొంతు బాగుంది, మన సంఘంలో చేరిందా?" అని. నేనేనమ్మా అని చెబితే, అయితే మళ్ళీ పాడమందట. మళ్ళీ పాడింది. పర్మిషన్ కాగితం వచ్చేసరికి తల్లి లేదు. ఆ పిల్ల వెళ్ళింది, తిరిగి రాలేదు.

నిన్న మా ఆయన చూస్తుండగానే మెషిన్ ఆపేసి, పాట చివరిదాకా పాడాను. కూతురి గొంతు తల్లి చెవిన పడటానికి ఒక జన్మంతా పట్టింది. గొంతు దాచుకుంటూ కూర్చోడానికి నాకిక అంత వ్యవధి ఎక్కడుంది!