బంతికి తలంటు

సీసాడు నూనె, గుప్పెడు పసుపు, చెంబుల కొద్దీ భక్తి. వీటితో ఒక దొరగారి కాలి వేలు విరిచి, ఒక తోట పరువు తీసి, కట్టుకున్నవాడి బతుకు మీదికి తెచ్చిన ఘనురాలిని నేను. నూనెదీ పసుపుదీ ఇందులో ఏ తప్పూ లేదని ముందే చెప్పేస్తున్నాను. పాపం, వాటిని ఎటు పోస్తే అటు పోయాయి.

మేం గిరిమిట్ మీద, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఫిజీ వచ్చిన రోజులవి. లంబాసాకీ టాబియాకీ మధ్య ఓ చెరుకు తోట. కూలి లైన్లలో మాకో గది. గదికీ గదికీ నడుమ చెక్క గోడ, అదీ పైదాకా లేదు. పక్క గది నూకాలప్పకి మా కూరలో ఉప్పెంతో తెలిసేది, నాకు వాళ్ళ కొట్లాటలో తప్పెవరిదో తెలిసేది. దేవుడి దయవల్ల ఇద్దరికీ పొద్దుపోకపోవడమన్నది లేదు.

మా ఆయన పేరు అప్పన్న. అది మా ఇలవేల్పు పేరు కూడా కావడంతో నేను ఆ దేవుణ్ణీ పేరు పెట్టి పిలవలేను, ఈయన్నీ పిలవలేను. నా మొరలు ఒకరివొకరికి చేరుతుంటాయని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఈయనకి రెండు ఉద్యోగాలు: చెరుకు నరకడం, దొర పరువు కాపాడడం. రెండోది ఎలా దొరికిందంటే, ఓ పొద్దు చెరుకు సాలులో అడ్డంగా పడున్న పంపరపనస కాయని విసుక్కుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది కాలవ దాటి, గట్టు దాటి, అవతల బీడీ ముట్టించుకుంటున్న, మా చేత పని చేయించే సర్దారు వీపు మీద దిగింది. ఇంకెవరైనా అయితే ఆ పూట వీపు చిట్లిపోయేది. కానీ తోట మీద పెత్తనం చేసే దొర, మేమంతా కులంబరు అనేవాళ్ళం, గుర్రం మీద నుంచి అంతా చూశాడు. "ఈ కాలు నాకు కావాలి" అన్నాడట. కాలుతోపాటు మనిషి కూడా వస్తాడన్న సంగతి ఆయనకి ఎన్నడూ తట్టలేదు.

ఫుట్‌బాలు ఆడేవాళ్ళ యోగక్షేమాలు ఆ కులంబరు చూసినట్టు కన్నతల్లి కూడా చూడదండీ. ఆట ఉన్న వారం టాస్కు కాస్త తగ్గించేవాడు. టాస్కంటే, ఈ పొద్దుకి ఇంత నరకాలని గడతో కొలిచి ఇచ్చే పని. ఆట రోజున గరిటెడు పప్పు ఎక్కువ. ఆటలో దెబ్బ తగిలితే "లే" అనే మందు. దానికీ లేవకపోతే అదే మందు, ఇంకాస్త గట్టిగా.

ఆ మందు వాడి వాడి మా ఆయన ఎడమ మోకాలు సీమపనసకాయంత అయింది. తోట ఆసుపత్రికి వెళ్తే డాక్టరు వేలితో ఒక పోటు పొడిచి "ఇక్కడ ఏమీ లేదు" అని రాసిచ్చాడు. ఆ ఏమీ లేనిదాన్ని రెండు చేతులా పట్టుకుని ఈయన దారిలో మూడు చోట్ల కూర్చుని ఇంటికొచ్చాడు.

అప్పుడే కులంబరు ఒక మాట పంపాడు. ఆదివారం ఏటవతలి తోటవాళ్ళతో ఆట. గెలిస్తే అప్పన్నని ఎద్దుల కొట్టంలో పనికి మారుస్తాడు. ఓడితే పూర్తి టాస్కు, గిరిమిట్ తీరేదాకా. గిరిమిట్ తీరడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. అన్నాళ్ళు ఆ మోకాలితో చెరుకు నరికితే, స్వేచ్ఛ వచ్చిన నాడు నడిచి బయటికి పోవడానికి కాలు మిగలదు. నేను డాక్టర్ని కాను గనక నాకా సంగతి తెలిసింది.

శనివారం పొద్దున్నే సర్దారు మా గుమ్మంలోకి వచ్చి, చంటిపిల్లని అందించినట్టు బంతిని అందించాడు.

"దొర బంగళాలో కుక్కుంది, పాత బంతిని నమిలేసింది. రేపు ఆటయ్యే వరకూ ఇది మీ ఇంట్లో ఉండాలి. తోట మొత్తానికీ ఇదొక్కటే. దీనికేమన్నా అయితే, నీ మొగుడి తోలు తీసి ఇంకోటి కుట్టిస్తానన్నాడు దొర."

"కుక్క తోలు తియ్యలేదా బాబూ?" అన్నాను.

"అది సీమ కుక్కమ్మా," అన్నాడు సర్దారు.

ఆ శనివారం ఆయుధ పూజ. లైన్ల ముందు ఆడవాళ్ళంతా చెరుకు కత్తులు, పారలు కడిగి వరసగా పేర్చి బొట్లు పెడుతున్నారు. నేనూ మా ఆయన కత్తి తీశాను. తీసి ఆలోచించాను. ఇక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. ఈ కత్తి నా మొగుణ్ణి ఏం బాగు చేసింది? ఇప్పుడు ఆయన్ని కాపాడాల్సింది బంతి. మరి ఆయన ఆయుధం ఏది?

కత్తిని మూల పెట్టి, బంతిని పీట మీద కూర్చోబెట్టాను.

నూకాలప్ప చెక్క గోడ మీంచి తల పెట్టింది. "ఏటి సెల్లీ, బంతికి బొట్టెడతన్నావా? అది తోలు గదే!"

"డప్పుది మాత్రం తోలు కాదేటప్పా?"

"డప్పుకి సేగ సూపెడతారు గానీ నీళ్ళొయ్యరే."

అంత తెలివైన మాట ఆ లైన్లలో అంతకు ముందెవరూ అని ఉండరు. దాన్ని నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు నేర్పి నాలుగు పురాణాలు చదివించాడు గదా, నూకాలప్పకేం తెలుసులే అనుకున్నాను.

మొదట పసుపు నీళ్ళతో అభిషేకం. చెంబుతో పోస్తే తృప్తి తీరక పళ్ళెంలో నీళ్ళు నింపి అందులోనే నానబెట్టాను. నా స్తోత్రాలన్నీ అయ్యేదాకా, అంటే వంట మొదలెట్టే వేళదాకా, అది అలా మునిగే ఉంది. తర్వాత తలంటు. చిన్న సీసాలో నూనె ఉంది. దేనికో దాచాను. దేనికన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు. చుక్క మిగల్చకుండా కుట్లలోకంటా పట్టించి, మర్దనా చేసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, "తండ్రీ, గెలుపు నీదే" అని దణ్ణం పెట్టాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు.

"ఓలే, బంతేదే?"

"పీట మీదున్నారు."

"ఎవులున్నారు?"

"అదే మావా, బంతి."

వంగి చూశాడు. రెండు చేతులా ఎత్తబోయాడు. ఎత్తి, నా వంక చూసి, మళ్ళీ దించాడు.

"ఇదేటే, కడుపుతో ఉన్నాదా?"

"పూజ సేసినాను. రేపు గెలుపు నీదే!"

ఆయన గోడకి చేరగిలబడి కాలు బార్లా చాపుకుని, కళ్ళు మూసుకుని అన్నాడు: "సరేలే. ఆ నూనిలా తే. మోకాలికి కాసింత రాయి."

అప్పుడు గుర్తొచ్చిందండీ ఆ నూనె దేనికి దాచానో.

నేను బంతి వైపు చూశాను. ఆయన కళ్ళు తెరిచి నా చూపు ఎటు పోయిందో అటే చూశాడు. బంతి ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఈయన మోకాలు ఎండి పొట్టు లేస్తోంది. చెక్క గోడకి అటువైపు నూకాలప్ప కూడా ఊపిరి బిగబట్టింది.

"నా మోకాలు సేసుకున్న పాపమేటే?" అన్నాడు, అంతే. దొర బంతినే చూస్తాడు, మనిషిని చూడడని నెల రోజులుగా తిట్టిపోస్తున్న నోరు నాది. ఆ నోరు ఆ సాయంత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

ఆదివారం మైదానం పక్క రెండు తోటల దొరలూ, ఒక దొరసానీ కుర్చీలేసుకున్నారు. బంతిని చూసి కులంబరు ఏదో అన్నాడు. సర్దారు తెలుగు చేశాడు: "బంతికి పెళ్ళెప్పుడయిందని అడుగుతున్నారు."

ఇంకో బంతి లేదు. మొదటి తన్ను కులంబరే తన్నడం మా తోట ఆనవాయితీ. దొరసాని చూస్తోంది గదా అని ఆయన పదడుగులు వెనక్కి వెళ్ళి, గుడ్డ జోళ్ళతో గుర్రంలా పరిగెత్తుకొచ్చి తన్నాడు. బంతి మూరెడు కదిలింది. దొర కదలలేదు. ఒక క్షణం అలాగే నిలబడి, తర్వాత ఒంటికాలి మీద గుండ్రంగా గెంతడం మొదలెట్టాడు. మావాళ్ళు అదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆట గురించి ఏం చెప్పను? మా గోలు దగ్గర నిలబడ్డవాడు వచ్చిన బంతిని గుండెకి హత్తుకున్నాడు. అది తలంటు పోయించుకోనని పెనుగులాడే పసివాడిలా వాడి చేతుల్లోంచి జారి గోలులోకి పాకింది. ఇలా మూడుసార్లు. మా ఆయన కుంటుతూ వెళ్ళి ఒక్కసారి గట్టిగా తన్నాడు. ఒకప్పుడు కాలవ దాటించిన కాలు. బంతి వాళ్ళ గోలు దాకా పోలేక దారిలోనే విశ్రాంతి తీసుకుంది. చివరికి ఇరవై రెండు మంది పాదాలూ పసుపుతో మెరిసిపోతున్నాయి. అంతమంది పెళ్ళికొడుకులు ఏడుస్తూ తిరగడం నేను మళ్ళీ చూడలేదు.

మూడు గోల్సు వాళ్ళవి, సున్నా మాది. కులంబరు కుర్చీలో కాలు చాపుకుని అరిచాడు. సర్దారు మళ్ళీ తెలుగు చేశాడు. "ఎవడు చేశాడురా ఇది?"

"నానే దొరా," అన్నాడు మా ఆయన.

కొంగు బిగించి గుంపులోంచి ముందుకొచ్చాను. "కాదు బాబూ, నేను. పూజ చేశాను."

"ఎందుకు?"

"గెలవాలని."

సర్దారు ఈ ముక్క దొరకి చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు. విన్నాక దొర మొహం కుంకుమ రంగుకొచ్చింది. కానీ అంతలోనే గుర్రం మీద డాక్టరు దిగాడు. అదే డాక్టరు. వేలితో పొడవలేదు. మోకరిల్లి, దొర పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "అప్పన్న సంగతి రేపు," అని దొర పళ్ళ మధ్యనుంచి చెప్పి పోయాడు.

ఇంతలో ఏటవతలి జట్టు పెద్ద, మన తెలుగాయనే, నవ్వుతూ వచ్చి నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. "ఈ బంతికి పూజ సేసిన తల్లివి నువ్వేనా? సల్లగుండమ్మా. బాగా పలించింది."

నూకాలప్ప నా చెవిలో నెమ్మదిగా అంది. "కత్తికి పూజ సేత్తే కత్తి మనది సెల్లీ. బంతి ఇద్దరిదీ గదే?"

సోమవారం పొద్దున్నే సర్దారు తీర్పు పట్టుకొచ్చాడు.

"ఒరే అప్పన్నా, నిన్ను జట్టులోంచి తీసేశాడు దొర. ఇక బంతి ముట్టావంటే చేతులు విరుస్తాడట."

"మరి టాస్కో?" అంది నా గొంతు, నా అనుమతి లేకుండానే.

"అదే చెప్తున్నా. దొర వేలు విరిగింది, గుర్రమెక్కలేడు. ఎద్దుబండి మీద తోట చూసుకోవాలి. కోతల కాలం, ఒంట్లో సత్తువున్నవాణ్ణి బండికి వదలకూడదు, దేనికీ పనికిరానివాణ్ణి చూడమన్నాడు. నువ్వే కనపడ్డావు."

ఇంత చక్కటి తిట్టు మా ఇంట్లో ఎన్నడూ వినపడలేదు. ఈయన బండి నొగ మీద కూర్చున్నాడు. దొర వేలు నెలన్నరలో అతుక్కుంది గానీ, అప్పటికి ఆయనకి బండి మీద దిండు అలవాటైపోయింది. కాబట్టి మా మోకాలికి విశ్రాంతి కూడా అలవాటైపోయింది. నేనడిగింది దేవుడు ఇచ్చాడు. నేను చూపించిన దారి మాత్రం ఆయనకి నచ్చలేదు.

ఏడాది తిరిగి ఆయుధ పూజ వచ్చింది. నేను స్నానం చేసి, కృతజ్ఞతతో నిండిపోయి, పసుపు గిన్నె పట్టుకుని బండి వైపు రెండడుగులు వేశానో లేదో, మా ఆయన నొగ మీంచి దూకాడు. ఆ మోకాలితోనే, చూడండి! చక్రానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఓలే, ఆగు! ఈ పని నాకింకా కావాలే!"

అక్కడే, ఎద్దుల సాక్షిగా ఒట్టేశాను. నా మొగుడి పొట్ట నింపే ఏ వస్తువుకీ నేను జన్మలో మేలు చెయ్యను.