వెర్నా గుప్పెడు

వెర్నా హ్లావాటీ ఇరవై రెండేళ్లు ఎలుకల బోన్లలో పొట్టు పక్కలు మార్చింది. క్లీవ్‌లాండ్‌లో ఒక పరిశోధనశాల నేలమాళిగ మాది. బోన్లు ఆమె సర్దేది, నేను కడిగేదాన్ని. అక్కడ కొన్ని ఎలుకలకు కొవ్వు తిండి మేపి లివరు పాడుచేస్తారు. కొన్నిటిని ఆరోగ్యంగా ఉంచి, రెంటినీ పోల్చి చూస్తారు.

ఇంట్లో ఆమె మొగుడు స్టాన్‌కూ లివరే పాడైంది. "ఇక్కడ ఎలుకల లివరు, ఇంటికెళ్తే మొగుడి లివరు. నా బతుకంతా లివరేనే డోరీన్!" అని నవ్వేది. స్టాన్ మందులు ఆమె ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్సు మీదే నడిచేవి. ఆ ఉద్యోగం పోతే అతని గతేమిటో మా ఇద్దరికీ తెలుసు.

కొత్త రంపపు పొట్టు పోసేటప్పుడు పాత పొట్టు గుప్పెడు కలపడం మా పాతవాళ్ల అలవాటు. తన వాసన తనకు తగిలితే ఎలుక బెదరదు. అయితే ఏ బోను పొట్టు ఆ బోనుకే వేయాలి. ఒక చలికాలం ఇద్దరి పని ఒక్కతే చేస్తూ వెర్నా ఆ పట్టింపు వదిలేసింది. జబ్బు బోన్ల పొట్టంతా ఒక బకెట్టులోకి ఎత్తి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి దేవి, అన్ని బోన్లకూ గుప్పెడు గుప్పెడు వేసింది. పెంటికలన్నీ అడుక్కే చేరతాయి. ఎలుకలేమో ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి. జబ్బు ఎలుకల పేగుల్లోని క్రిములు ఆ దారినే మంచివాటి పేగుల్లోకి చేరాయి. రెండు నెలలకు కోసి చూస్తే, కొవ్వు ముట్టని ఎలుకల లివర్లు కూడా పాడైపోయి ఉన్నాయి.

ఆ పరిశోధన నడిపే డాక్టర్ ఆల్డ్రిచ్ ఇదెలా జరిగిందని మమ్మల్ని నిలబెట్టి అడిగాడు. వెర్నా నోరు మూసుకుని ఉంటే ఎవడికీ తెలిసేది కాదు. పిచ్చిమొహం! "నేనే డాక్టర్. ఒక్కదాన్నే, పని తెమల్లేదు. ఒకే బకెట్టు వాడాను" అంది.

"ఏడాది కష్టం మట్టిపాలు చేశావు!" అని అరిచాడాయన. శుక్రవారానికల్లా ఆమెను తీసేశారు.

మట్టిపాలైన ఆ కష్టమే ఆర్నెల్లకు బంగారమైంది. పేగుల్లోని క్రిములు పొట్టు ద్వారా పాకి లివరును పాడుచేస్తాయని ఆల్డ్రిచ్ గారు కనిపెట్టారట! కేకు కోశారు. నాకూ ఓ ముక్క పెడితే సిగ్గులేకుండా తిన్నాను. తీరా మిగతా పరిశోధకులు మళ్లీ చేసి చూపించమనేసరికి ఒక్క ఎలుకా జబ్బు పడలేదు. వీళ్లు బకెట్టు పైపొట్టు చెంచాతో కొలిచి వేస్తున్నారు మరి.

చివరికి వెర్నానే పిలిపించారు. దాచుకున్న డబ్బులు కూడా అయిపోయి, అప్పటికి స్టాన్ మందులు ఆగి నాలుగు నెలలు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి మంచం పట్టాడు. ఆమె చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని వచ్చింది.

"అప్పుడు వేసినట్టే ఒక్కసారి వేసి చూపించండి వెర్నా," అన్నాడు ఆల్డ్రిచ్, ఎక్కడలేని తీపి ఒలకబోస్తూ.

"చూపిస్తాను డాక్టర్. నా ఉద్యోగం నాకు ఇప్పించండి. స్టాన్‌కు మందులు కావాలి."

"అయ్యో, అది నా చేతిలో లేదండీ."

వెర్నా ఆయన చేతులకేసి చూసింది. బకెట్టు దగ్గరికి వెళ్లి, పైపైన రెండు వేళ్లతో చిటికెడు పొట్టు తీసి త్రాసులో వేసింది.

"ఇంతేనా?"

"ఇంతే. నా చేతిలోనూ ఇంతకంటే లేదు డాక్టర్."

ఆయన అంకె రాసుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు రోజూ చూసేదానివిగా డోరీన్, అంతేనా?"

నా ఇన్సూరెన్సు కూడా ఆ ఉద్యోగంలోనే ఉంది. అయినా, "అంతే డాక్టర్" అన్నాను.

స్టాన్ ఈస్టరు దాకా ఆగలేదు. చిటికెడు పొట్టు పడ్డ బోన్లలోని ఎలుకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.