బటన్ మీద గంధం

తమ్ముడు పోయాక ఏడాది పాటు మా ఇంట్లో పండగలు చేయలేదు. భాద్రపదంలో సంవత్సరీకం జరిగింది. ఆ తరువాత వచ్చిన మొదటి పండగ ఆయుధ పూజ.

అంతకు ముందు ఆ రోజు నా పని శనగ గుగ్గిళ్లు చేయడం వరకే. పనిముట్లకు బొట్లు పెట్టడం వాడి వంతు. కుప్పం నుంచి పొద్దున్నే పుంగనూరు వచ్చి, బండి దగ్గర మొదలుపెట్టి కత్తిపీట దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేవాడు. చివరికి నా గదిలోని కంప్యూటర్ దగ్గరికి పోయేవాడు. యంత్రానికి బొట్టేమిటని నేను వెక్కిరించేదాన్ని. "అన్నం పెట్టేదానికి బొట్టు పెడితే నీకేం పోయిందక్కా" అనేవాడు.

ఆ కంప్యూటర్ వాడు తయారు చేసిందే. బెంగళూరు నుంచి ఒక్కొక్క భాగం తెచ్చి, కుప్పంలో సెల్‌ఫోన్ రిపేరు అంగడి నడిపే స్నేహితుడి బల్ల మీద రెండు ఆదివారాలు కూర్చుని బిగించాడు. నేను బడిలో పాఠాలు చెబుతాను. ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు దాని మీదే చేస్తాను. ఫ్యాన్ చప్పుడు ఎక్కువ. అది తప్ప ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు.

ఈసారి వాడి పని నేను చేశాను. నమ్మకం కుదిరి కాదు. వాడు చేసేది ఆగిపోవడం ఇష్టం లేక. గంధం కొంచెం పలుచనైంది. కంప్యూటర్‌కు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రోజూ చేయి తగిలే చోటు అదే కదా అని, ఆన్ చేసే బటన్ మీద పెట్టి కుంకుమ అద్దాను. గంధం కాస్త కిందికి కారింది. తుడవడం మంచిది కాదేమోనని వదిలేశాను. పూజ రోజు పనిముట్లను వాడరు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

మరునాడు బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగేలోపే ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. వైరు తీసి పెట్టాను, వేరే ప్లగ్గులో పెట్టాను. అదే ప్లగ్గుకు టేబుల్ ఫ్యాన్ తగిలిస్తే బాగానే తిరిగింది.

అడగవలసిన మనిషి కుప్పంలో ఉన్నాడు, రిపేరు అంగడి నడిపే తమ్ముడి స్నేహితుడు. ఫోనులో ఆ నంబరు తీసి, చేయకుండా మూసేశాను. తమ్ముడు పోయాక అతను రెండుసార్లు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లు. మాట్లాడే తీరు ఒకటే. కళ్లు మూసుకుని వింటే తేడా తెలియదు. అది వినడానికి నేను సిద్ధంగా లేను.

అందుకని మదనపల్లెకు పోయాను. కంప్యూటర్‌ను పాత దుప్పట్లో చుట్టి బస్సులో ఒడిలో పెట్టుకున్నాను. ఊరి మొదట్లో టమాటా లారీలు అడ్డం వచ్చి బస్సు చాలాసేపు నిలబడింది. అక్కడి కంప్యూటర్ రిపేరు అంగడాయన మర్యాదస్తుడే, కానీ చుట్టూ జనం ఉండడంతో తొందరలో ఉన్నాడు. మూత విప్పి, లోపలికి కరెంటు ఇచ్చే పెట్టెను చిన్న తీగతో విడిగా పరీక్షించాడు. అది బాగుంది. మెమరీ ముక్కను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. బటన్ నొక్కాడు. చలనం లేదు. బోర్డు పోయిందన్నాడు. ఆ రకం ఇప్పుడు దొరకదని, కొత్త బోర్డు వేస్తే దానికి తగ్గట్టు మిగతావీ మార్చాలని చెప్పాడు. నా ఫైళ్లు ఎక్కడికీ పోవన్నాడు.

ఇందులో పాతది ఏం మిగులుతుందని అడిగాను.

"డబ్బా ఉంటాది కదమ్మా. పైకి అంతా అట్లే కనపడతాది."

ఆలోచించి చెబుతానని వెనక్కి తెచ్చేశాను. ఫైళ్ల గురించి నాకు బెంగ లేదు, వాటి నకళ్లు వేరేగా ఉన్నాయి. వాడు చేతులతో చేసిన వస్తువు ఒకటి ఇంకా పని చేస్తోంది అనే మాట మాత్రం ఏడాదిగా రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఓదార్చడానికి వచ్చినవాళ్లు చెప్పినవాటిలో ఏదీ నాకు అంత ఉపయోగపడలేదు. ఇక ఆ మాట చెప్పుకోవడానికి ఉండదు.

ఆదివారం కుప్పం బస్సెక్కాను. బైరెడ్డిపల్లె దాటిన తరువాత కూడా, దిగి వెనక్కి పోదామా అనుకుంటూనే ఉన్నాను.

నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు. ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు. దుప్పటి విప్పి డబ్బాను చుట్టూ చూసి, మూత దగ్గరి ఒక స్క్రూ మీద వేలు పెట్టాడు.

"ఇది వాడు బిగించింది కాదు. ఎవురికి సూపిచ్చినావక్కా?"

మదనపల్లెలో చూపించానన్నాను.

"ఈడికి దావ మరిసిపోయినావా?"

జవాబు కోసం అతను ఆగలేదు. మూత విప్పి వైరు తగిలించాడు. లోపల బోర్డు అంచున ఒక చిన్న లైటు వెలిగింది. బోర్డు పూర్తిగా చచ్చిపోతే అది వెలగదని, ఇంకేదో ఉందని అన్నాడు. తరువాత ముందు వైపుకు వంగి బటన్‌ను చూశాడు. గోరుతో గీకాడు. ఎర్రటి పొడి రాలింది.

బటన్ నుంచి బోర్డుకు పోయే రెండు సన్నని వైర్ల కొసను పీకేశాడు. అక్కడ రెండు చిన్న పిన్నులు కనిపించాయి. స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి తాకించాడు.

ఫ్యాన్ తిరిగింది. అదే చప్పుడు. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

"బోర్డుకు ఏం కాలేదక్కా. గంధం ఎండి బటన్ లోపలే ఇరుక్కోనుండాది. ఆపొద్దు నుంచి నువ్వు దాని గొంతు నొక్కి పెట్టుకోనుండావు, అది యాడ లేస్తాది?"

బటన్‌ను అట్లా నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఆగిపోతుందట. మొదటి రోజు ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోయింది అందుకే. బటన్ మీద ఎందుకు పెట్టావని అడిగాడు. తమ్ముడు పెట్టేవాడు కదా అన్నాను.

"వాడు యాడ పెడతాండెనో ఎప్పుడన్నా సూసినావా?"

చూడలేదు. ఆ వేళకు నేను వంటింట్లో ఉండేదాన్ని.

అతను డబ్బాను వెనక్కి తిప్పాడు. ఎప్పుడూ గోడ వైపు ఉండే ఆ రేకు మీద, ఫ్యాన్ గాలి బయటికి వచ్చే చోటికి పక్కన, మూడు చిన్న గంధపు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. ఆ కంప్యూటర్ వచ్చాక వాడు నా ఇంట్లో మూడు ఆయుధ పూజలు చేశాడు.

"గాలికి తొందరగా ఆరిపోతాదని ఆడ పెడతాండె. వానికి తెలివి ఉన్నింది" అన్నాడు.

నవ్వు వచ్చింది. అతను కూడా నవ్వాడు. అతని గొంతు తమ్ముడి గొంతులాగే ఉంది. వినగలిగాను.

దూదికి స్పిరిట్ అద్ది బటన్ సందులన్నీ శుభ్రం చేశాడు. వెనక చుక్కల జోలికి పోలేదు. మదనపల్లె స్క్రూను విప్పి మళ్లీ బిగించాడు. ఇంటికి పోయి ఆన్ చేసి ఫోన్ చేయమన్నాడు.

సాయంత్రం పుంగనూరు చేరాను. డబ్బాను దాని చోట పెట్టి బటన్ నొక్కాను. లోపలికి పోయి బయటికి వచ్చింది. తెర వెలిగింది. ఫోన్ తీసి, తిరుగుతోందని చెప్పాను.

"వినపడతాండాదిలే అక్కా" అన్నాడు. "వచ్చే ఆయుధ పూజకు బొట్టు నేనొచ్చి పెడతా. నువ్వు గుగ్గిళ్లు సూసుకో."

పొద్దున్నే రమ్మన్నాను.