షంషాద్ అక్కది సేవ కాదు, ఉద్యోగం

నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం కలుపుతూ ఫోన్ చూశాను. మా పాత బ్యాచ్ గ్రూపులో ఒకే లైన్. "షంషాద్ అక్క చనిపోయింది."

వేరే షంషాద్ అనుకున్నాను. మా వీధిలోనే ఇద్దరున్నారు.

కింద ఫోటో వచ్చింది. మా అక్కే.

ఎంగిలి చేత్తోనే ఫోన్ చేశాను. వాళ్ల చెల్లెలు రోషన్ ఎత్తి ఒకటే ఏడుపు. పొద్దున గుండెల్లో నొప్పి అందట. ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట.

యాభై కూడా రాలేదండీ. పోయే వయసా అది?

రాత్రి నుంచి మీ పోస్టులు చూస్తున్నాను. "నిస్వార్థ సేవామూర్తి." "పేదల పెన్నిధి." పువ్వులు, దీపాలు, దండాలు. చదివేకొద్దీ ఒళ్లు మండుతోంది. అందుకే రాస్తున్నాను.

అక్క సేవామూర్తి కాదు. ఉద్యోగం చేసుకున్న మనిషి. అదీ ఆరు నెలలకోసారి ఊడిపోయే ఉద్యోగం.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా టౌన్‌లో పని లేనివాళ్లకి, అరకొర పనితో నెట్టుకొచ్చేవాళ్లకి ప్రభుత్వం డబ్బుతో ఒక స్కీమ్ ఉంది. ఆరు నెలలు పార్కులోనో, నర్సరీలోనో, స్కూలు వంటగదిలోనో జీతమిచ్చి పని చేయిస్తారు. పని అలవాటయ్యాక తడ వైపు కంపెనీల్లో చేర్పిస్తారు. నేనూ అలా వచ్చినదాన్నే.

ఆ చేర్పించే పని షంషాద్ అక్కది. తమాషా ఏంటంటే, చేర్పించే మనిషికీ ఆరు నెలల ఆర్డరే. అయిపోగానే గ్యాప్. మళ్లీ ఫండ్స్ వస్తే మళ్లీ ఆర్డర్.

మా బ్యాచ్‌లో కోటమ్మ అని ఒకామె ఉండేది. తోటపల్లి గూడూరు వైపు షెడ్లలో చిన్నప్పటి నుంచి రొయ్యలు ఒలిచింది. అక్కడ లారీ వస్తే పని, సరుకు అయిపోతే ఇంటికి. స్కీమ్‌లో ఆమెను స్కూలు వంటగదిలో వేశారు. అక్కడా అంతే, గిన్నెలు తోమేస్తే ఇంటికి.

కంపెనీలో మొదటి రోజు కోటమ్మ తన ముందున్న ట్రేలన్నీ మధ్యాహ్నం లోపే ముగించేసింది. శుభ్రంగా చేతులు కడుక్కుని, క్యారియర్ తీసుకుని, గేటు దాటి ఇంటికొచ్చేసింది!

పారిపోయిందని పేరు కొట్టేశారు.

ఏం తప్పు చేసిందో ఆమెకు అర్థం కాలేదు. "పనంతా చేసే వచ్చినాను గదక్కా" అని ఏడుపు.

మర్నాడు అక్క ఆమెను వెంటబెట్టుకుని తొలి బస్సుకే వెళ్లింది. సూపర్‌వైజర్‌ను గేటు దగ్గరే నిలబెట్టి కడిగేసింది.

"పనైపోతే ఇంటికి పోవడమే ఆమెకు తెలుసు సార్. పొద్దుగూకేదాకా పనుంటదని ఆమెకి ఎవురన్నా చెప్పినారా? మీరు చెప్పలా, నేనూ చెప్పలా. తప్పు మనది పెట్టుకొని ఆమెని తీసేస్తారా?"

మళ్లీ తీసుకున్నారు. అప్పటి నుంచి ఎవరిని చేర్పించినా, మొదటి రోజు షిఫ్ట్ అయ్యేదాకా అక్క గేటు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కాపలా కూర్చునేది. లోపలి నుంచి ఎవరు బయటికొచ్చినా "యాడికిమే? లోపలికి పో" అని తరిమేది. ఒకసారి టీకని వచ్చిన హెచ్ఆర్ మేడమ్‌ను కూడా తరిమింది. ఆవిడ పాపం నిజంగానే లోపలికి వెళ్లిపోయింది.

అలాంటి మనిషి తన గ్యాప్‌లో ఏం చేసేదో పోస్టులు పెట్టినవాళ్లలో ఎవరికైనా తెలుసా?

రొయ్యల షెడ్డుకు వెళ్లేది. కోటమ్మను బయటికి లాగిన ఆ షెడ్డుకే. పగలంతా ఐసులో చేతులు పెట్టి ఒలిచేది, సాయంత్రం మాకోసం కంపెనీలకు ఫోన్లు చేసేది. ఆర్డర్ లేదని పనులు ఆగవు కదా!

పోయిన గ్యాప్‌లో స్కీమ్ ఆఫీసువాళ్లు మీటింగ్ పెట్టి అక్కకు శాలువా కప్పారు. పెద్ద సారు మైకులో "షంషాద్ గారిది ఉద్యోగం కాదు, సేవ" అన్నాడు. చప్పట్లు.

అక్క మైకు లాక్కుంది.

"సేవంటే ఇంట్లో మా అమ్మకు చేస్తా ఉండాను సార్. ఇది ఉద్యోగమే. నా ఆర్డర్ ఎప్పుడిస్తారు?"

హాలంతా నవ్వు. సారూ నవ్వాడు. భలే మాట్లాడుతుందే అన్నారు. జవాబు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అక్క నవ్వలేదు. పక్కనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

మొన్నామధ్య ఎడమ చెయ్యి లాగుతోందంది. డాక్టర్‌కి చూపించుకో అక్కా అని పోట్లాడాను.

"ఆర్డర్ రానీమే సుగుణా. ఇప్పుడు కార్డు పని చెయ్యదు గదా. ఐసులో పెట్టి పెట్టి లాగతా ఉండాది, అంతే."

గ్యాప్ వస్తే హెల్త్ కార్డు కూడా ఆగిపోతుంది. ఇది ఎవడి బుర్రలో పుట్టిన రూలో నాకు తెలియదు. వాడు కనబడితే మాత్రం వదలను.

నిన్న నేను కాళ్లావేళ్లా పడి హాఫ్ డే తీసుకుని వచ్చేసరికి జనాజా లేవబోతోంది. వీధిలో జనం పలచగా ఉన్నారు. అక్క పనిలో పెట్టినవాళ్లు బస్సులు నిండేంత మంది. వచ్చింది నలుగురైదుగురు.

రోషన్ నన్ను పట్టుకుని అడిగింది. "అక్కా అక్కా అని తిరిగినారే, అంతా యాడబోయినారు సుగుణా?"

షిఫ్టులో ఉన్నారమ్మా. కొత్తవాళ్లు ప్రొబేషన్‌లో ఉన్నారు. ఒక్క రోజు మానేసినా తీసేస్తారు. అది వాళ్లకు నూరిపోసింది మీ అక్కే. "మొదట్లో లీవు మాటెత్తొద్దు. ఇంట్లో సావొచ్చినా సరే, పనికి పో" అనేది.

నీ మాటే విన్నారక్కా. ఏడ్చుకుంటూ అందరూ పనికే పోయారు.

ఈ ఆదివారం మా చర్చిలో నీకోసం ప్రార్థన చేయిస్తాను. నీ అల్లా, మా యేసయ్య ఇద్దరూ నిన్ను చల్లగా చూసుకోవాలి.

ఇక ప్రశాంతంగా ఉండక్కా.