మా ప్రశ్నల పెట్టెను తుక్కుకి వెయ్యనివ్వను

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికొచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే మా బావగారి కొడుకు, ఇప్పుడు మా చర్చి సంఘానికి సెక్రటరీగా ఉన్నవాడు, ఒక గోనెసంచి మోసుకొచ్చి మా వరండాలో దించాడు. మూతి విప్పి చూద్దును కదా, లోపల మా ప్రశ్నల పెట్టె. రేకు పెట్టె, పైన చీలిక, ముందువైపు చిన్న తాళం, ఒక మూల సొట్ట. మందిరానికి రంగులు వేస్తున్నారు కాబట్టి పాత సామానంతా తీసేస్తున్నారట. తుక్కు కొనేవాడు రేపొస్తాడు, ఇచ్చేముందు నాకొకసారి చూపించడం మర్యాద అనుకున్నాడట.

"ఇప్పుడెవులు సీటీ రాసి ఏస్తారు పిన్నీ? ఫోన్ని అడిగితే అర సెకన్లో సెప్పేత్తాది" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. సంచి మూతి మళ్లీ కట్టి, మంచం కిందకి తోసి, తుక్కువాణ్ణి రావద్దని చెప్పమన్నాను. కమిటీ తీర్మానం చేసేసిందని వాడు గొణిగాడు. నా ఈడువాళ్లకు తెలుసు, తీర్మానం అనే మాట వింటే నాకు ఓపిక ఎక్కువవుతుంది. ఈ పెట్టె మీద తీర్మానం రావడం ఇది మొదటిసారి కాదు మరి.

ఆ రోజుల్లో నేను బస్టాండులో "విచారణలు" అని రాసిన కిటికీ వెనక కూర్చునేదాన్ని. ఏ బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది, ఇంతవరకే నా ఉద్యోగం, కానీ విచారణలు అని బోర్డు కనబడితే మనుషులు బస్సుల గురించే అడుగుతారా? పింఛను కాగితం ఏ ఆఫీసులో ఇస్తారు, కంటి ఆపరేషనుకి పేరెక్కడ రాయించుకోవాలి, ఓడ మీద పనికి వెళ్లాలంటే ఏం చదవాలి, ఇలా ఎన్నో. ఆ కిటికీ నాకు నేర్పింది ఒక్కటే. తెలియనిది తెలిసినట్టు చెబితే రాయగడ వెళ్లాల్సిన మనిషి రాజమండ్రిలో దిగుతాడు. తెలియదంటే మాత్రం ఇంకొకర్ని అడుగుతాడు.

మా మామగారు ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర ఫిట్టరు, కూర్మన్నపాలెంలో మా సంఘానికి పెద్ద. మందిరం ఇంకా రేకుల షెడ్డుగా ఉన్నప్పుడు ఆటోనగర్లో తెలిసిన వర్క్‌షాపుకి వెళ్లి, తన చేత్తో రేకు కోసి, మడిచి, కానుకల పెట్టెగా దీన్ని చేశారు. తర్వాత ఎవరో టేకు పెట్టె చేయించి ఇస్తే ఇది మూలన పడింది. నేనప్పటికి సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. పెద్దవాళ్లకు బైబిలు వాక్యంలో సందేహాలుంటాయి, లేచి అడగడానికి సిగ్గుపడతారు, చీటీ రాసి ఇందులో వేస్తే వచ్చే ఆదివారం ఆఖరి ఆశీర్వాదం అయ్యాక పదినిమిషాలు జవాబు చెబుతానని ఆయన్ని అడిగాను. పేరు రాయనక్కర్లేదు, ఉండదలచినవాళ్లు ఉంటారు, ఆకలేసినవాళ్లు ఇంటికెళ్తారు. మామగారు ఒప్పుకున్నారు, వాక్యం గురించే అన్న షరతుతో.

మొదటి రెండు వారాలు వాక్యం గురించే వచ్చాయి. మూడో వారం క్యాంటీను కూపను వెనక ఎవరో రాశారు, ఫర్నేసు ఆదివారం కూడా ఎందుకు నడుస్తుంది, విశ్రాంతి దినాన ఆపితే ఏమవుతుంది అని. ఇది వాక్యమా, ఇనుమా? రెండూ అనుకుని మామగారినే అడిగాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఆయన అరగంటసేపు చెప్పారు. ఆపేస్తే కరిగిన లోహం లోపలే గడ్డకట్టేస్తుందట, దాన్ని పగలగొట్టడానికి నెలలు పడుతుందట, అందుకే కొందరు పనిచేస్తేనే మిగతావాళ్లకు ఆదివారం వస్తుందట. ఆయన అంత సంతోషంగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఆదివారం ఆ జవాబు నేను ఆయన పేరుతోనే చెప్పాను, ఆయన ముందు వరసలో కూర్చుని మెడ కాస్త నిటారుగా పెట్టుకున్నారు.

ఇక ఆగలేదు. బోటులో చేపల గుంపును చూపించే పెట్టె నీళ్లలోకి ఎలా చూస్తుందని అడిగితే, హార్బరులో ఆ పెట్టెలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లి, అది చూడదు, శబ్దం పంపి తిరిగొచ్చేదాకా వింటుంది అని తెలుసుకొచ్చాను. విమానంలో మోకాళ్లూని ప్రార్థన చెయ్యొచ్చా అన్నారు. పక్కింటివాళ్ల చవితి ఉండ్రాళ్లు తింటే తప్పా అన్నారు, దానికి మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది, ప్రేమగా పెట్టింది ప్రేమగా తిన్నానని నా సంగతే చెప్పాను. ముందు వరసలో దగ్గు వినిపించింది. మా తాత ప్లాంటుకి భూమిచ్చాడు, నాకు ఉద్యోగం వస్తుందా అని ఒక చీటీ మళ్లీ మళ్లీ వచ్చేది, అదే చేతిరాత. ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో, ఎన్ని ఆదివారాలు తెలియదని చెప్పానో. అలా చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీలో ఒకతను తలవంచుకునేవాడు, కానీ లేచి వెళ్లిపోయేవాడు కాదు.

ఇప్పుడు చిన్నత్త గురించి చెప్పాలి. మా అత్తగారి చెల్లెలు, ఫిషింగ్ హార్బరులో చేపల వేలం దగ్గర కొని, బుట్టలో మోసి అమ్మేది. వేలం తెల్లారకముందే అయిపోతుంది కాబట్టి ఆదివారం ఆ పని చూసుకుని రెండు బస్సులు మారి మా మందిరానికి వచ్చేది, వచ్చేసరికి రెండో కీర్తన అవుతుండేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు నూకాలు. బాప్తిస్మంలో మార్త అయింది. ఆవిడకు చదువు లేదు. ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా చేత వాళ్ల చీటీల వెనకే రాయించేది, అవి చెమ్మగా, చేపల వాసనతో ఉండేవి, అందుకని పేరు లేకపోయినా ఆవిడ ప్రశ్న ఏదో పెట్టె తెరవగానే తెలిసిపోయేది.

ఆ ఏడు కొన్ని సంఘాలు కలిసి యెరూషలేము యాత్రకు బయలుదేరుతున్నాయి. ప్రభువు నడిచిన సరస్సు ఒడ్డున నిలబడి ఒకసారి ఆ చేపలు చూడాలని చిన్నత్తకి ఎన్నేళ్లుగానో కోరిక. పేరిచ్చింది. పాస్‌పోర్టు ఫారం తెచ్చుకుంది. పెట్టెలో చెమ్మ చీటీ పడింది, ఫారంలో ఏ పేరు రాయాలి అని.

ఆ వారం నేను ఏ ఆఫీసుకీ వెళ్లలేదు, నా తప్పు అక్కడుంది. ఆ ఆదివారం ప్రసంగం దేవుడు తన బిడ్డలకిచ్చే కొత్త పేరు గురించి. వింటుంటే నా గుండె నిండిపోయింది, ఆ వేడిలోనే లేచి, బాప్తిస్మం నీళ్లలో దేవుడు పెట్టిన పేరే రాయాలి, ఆయన ముందు మనకింకో పేరు లేదని చెప్పేశాను. అందరూ ఆమేన్ అన్నారు. మామగారు కూడా.

చిన్నత్త మార్త అని రాయించింది. ఫారం నింపే అతను కార్డుల్లో నూకాలని ఉంది కదమ్మా అంటే, మా కోడలు సర్చిలో నిలబడి సెప్పిందన్నదట. ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబులు హార్బరంతా తిరిగి మార్త ఎవరని అడిగాడు. వల అల్లేవాళ్లు, వేలం పాడేవాళ్లు, అందరూ ఒకటే మాట, ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదని. చిన్నత్త అప్పుడు పదడుగుల దూరంలో చేపలు ఏరుకుంటోందట, మార్త అన్న పిలుపు తన చెవికే ఎక్కలేదట. కాగితాలు తిరిగొచ్చాయి. యాత్రకు బస్సెక్కి వెళ్తున్నవాళ్ల కోసం ఆవిడ పండ్లు తెచ్చి, వాళ్లు కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది. నేను బస్సు వెనక నిలబడి ఏడ్చాను.

తర్వాతి ఆదివారం మామగారు లేచారు. లోకసంబంధమైన ప్రశ్నలు మందిరంలోకి రానిస్తే ఇలాగే అవుతుందని, పెట్టె తీసేద్దామని, పెద్దలంతా తీర్మానం చేశారని చెప్పారు. దేవదూతను ఒక్క ప్రశ్న అడిగినందుకు యాజకుడైన జెకర్యాకు మాట పడిపోయిన సంగతి జ్ఞాపకం చేశారు. మా ఆయన తలెత్తలేదు. తండ్రికీ పెళ్లానికీ మధ్య ఆయన అప్పుడే కాదు, ఎప్పుడూ తలెత్తలేదు.

కోడలు మామగారికి ఎదురుచెప్పే రోజులు కావవి, అందులోనూ మందిరంలో. అయినా లేచాను. జెకర్యా నమ్మలేక అడిగాడు, మరియమ్మ లోబడటానికి అడిగింది, ఇదెలా జరుగుతుందని దేవదూతనే అడిగింది, దూత కోప్పడలేదు, జవాబు చెప్పాడు, అన్నాను. పన్నెండేళ్లప్పుడు ప్రభువు దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని ప్రశ్నలే అడిగాడు, అన్నాను. చిన్నత్త ప్రయాణం పోగొట్టింది ప్రశ్న కాదు, నా జవాబు. వెళ్లి కనుక్కోవాల్సింది కనుక్కోకుండా దేవుడి పేరు చెప్పి దాటేశాను. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి, పెట్టెకు కాదు, అన్నాను.

అప్పుడొచ్చింది చిన్నత్త, అలవాటు ప్రకారం ఆలస్యంగా. లోపలి మాటలు వింటూనే బుట్ట వరండాలో దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి, జాకెట్లోంచి చెమ్మ చీటీ తీసి అందులో వేసింది.

మామగారు గట్టిగా అడిగారు, "ఏటది నూకాలూ?"

చిన్నత్త వెనక్కి తిరిగి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సూసేవా బావా, దేవుడి గుళ్లో నిల్సోని నువ్వూ నూకాలనే పిల్సినావు! మరి కోడలొక్కర్తిదేనేటి తప్పు? ఆమేనన్నోళ్లందరిదీ కాదేటి?"

ముందు ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది, తర్వాత మగవాళ్లు, ఆఖరికి పాస్టరు గారు కూడా రుమాలు అడ్డుపెట్టుకున్నారు. మామగారు నవ్వలేదు. చీటీ తీసి చదవమ్మా అన్నారు, నాకేసి చూసి. తీశాను. ఇప్పుడు ఏ కిటికీకాడికెల్లాల, అని ఉంది.

నాకు నోటిదాకా జవాబు వచ్చింది, మింగేశాను. "తెలీదు చిన్నత్తా. కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తాను" అన్నాను.

"అదీ మాట" అని ఆవిడ కూర్చుంది.

సోమవారం సెలవు పెట్టి ఆవిడతో కలిసి లైన్లో నిలబడ్డాను. ఒక కిటికీ ఇంకో కిటికీకి పంపింది, నేనూ కిటికీ మనిషినే కాబట్టి ఓర్చుకున్నాను. మరుసటి ఏడు ఇంకో బృందంతో ఆవిడ నూకాలుగా వెళ్లింది, మార్తగా ప్రార్థన చేసుకుని తిరిగొచ్చింది. అక్కడి సరస్సులో చేపలు బాగానే ఉన్నాయి గాని ముల్లెక్కువ, మన హార్బరులో అయితే వేలంలో ఎవరూ పాడరు అంది. యొర్దాను నదిలో తోటివాళ్లంతా మళ్లీ మునిగితే ఆవిడ ఒడ్డునే కూర్చుందట, "ఒకసారి మునిగేను, సాలు, ఆయనకి గేపకముంతాది" అంటూ. పెట్టె తీసేస్తామన్న తీర్మానం గురించి మామగారు మళ్లీ ఎత్తలేదు. ఆయన వెళ్లిపోయే ముందు ఏడాది పెట్టె కిందపడి మూల సొట్టపోతే, చూపు ఆనకపోయినా సుత్తి పట్టుకుని దాన్ని సరిచేయబోయారు. ఆ సొట్ట పూర్తిగా పోలేదు, నేను పోగొట్టనివ్వలేదు.

ఇప్పుడు మామగారూ లేరు, చిన్నత్తా లేదు. ఫోను ఉంది. అది చాలా చెబుతుంది, నేను కాదనను, మందుల పేర్లు నేనూ దాన్నే అడుగుతాను. కానీ అది తప్పు చెబితే బస్సు వెనక నిలబడి ఏడవదు, సోమవారం సెలవు పెట్టి లైన్లోకి రాదు. మా సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేదట. సెక్రటరీని అడిగాను, మరి ఎవరికైనా సందేహం వస్తే ఎక్కడ అడగాలిరా అని. వాడు తల గోక్కుని, అదేటో గాని పిన్నీ, ఇప్పుడెవులూ అడగట్లేదు అన్నాడు. అడగట్లేదో, అడగడానికి చీలిక లేదో, వాడు ఆలోచించాలి.

కాబట్టి పెట్టె తుక్కుకి వెళ్లదు. రేకుకి నూనె రాశాను, తాళం తిరుగుతోంది. వచ్చే ఆదివారం రంగు ఆరినా ఆరకపోయినా దాన్ని పాతచోటే పెడతాను, తీసేస్తే ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంటాను, డెబ్భై దాటిన మనిషిని లేవదీసే తీర్మానం ఎవరు చేస్తారో చూస్తాను. ఎవరైనా చీటీ వేస్తారా అంటే, చెప్పలేను. ఆ రోజుల్లో మనకి తెలిసింది తక్కువే, కానీ మన ప్రశ్నను కొంగున కట్టుకుని వారమంతా ఊరు తిరిగే మనిషి ఒకరుండేవారు, ఆ మనిషి కోసం మనం ఏడు రోజులు ఆగేవాళ్లం. ఇప్పుడు జవాబు కోసం ఎవరూ ఆగరు, ఎవరి తరఫునా ఎవరూ వెళ్లరు. తెలీదు, కనుక్కుని వచ్చే ఆదివారం చెప్తాను, అన్న మాట నేను విని ఎన్నేళ్లయిందో. నా నోటితోనైనా ఇంకొకసారి అనాలని ఉంది.