అక్క పది వేళ్లు

కెనడా పోదామని చెప్పినప్పుడు అక్క విమానం గురించి అడగలేదు, చలి గురించి అడగలేదు. "ఆ చెర్వు ఇంకా ఆడనే ఉన్నదా?" అని అడిగింది.

ఆ చెరువు కథ పాతది. అలంపూర్ దగ్గర మా అక్కను ఇచ్చిన ఊళ్లో, వాళ్లింట్లోనే ఉండి నేను పదో తరగతి చదివాను. ఆ ఏడు ఎరువుల దుకాణం వాళ్లు ఒక క్యాలెండర్ ఇచ్చారు. పన్నెండు నెలలూ కింద చిన్న అక్షరాల్లో, పైన పెద్ద బొమ్మ. నీలమో పచ్చో చెప్పలేని రంగులో నీళ్లు, వెనక మంచు కొండలు, ఒడ్డున ఒక ఎర్ర పడవ. ఏడాది గడిచాక అక్క తేదీల ముక్క కత్తిరించి పారేసి, బొమ్మను మాత్రం మళ్లీ గోడకు అంటించింది. ఎండాకాలం పొలం నుంచి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి, ఆ బొమ్మ ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చునేది. "గీ నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని కూసోవాలె పిల్లా" అనేది. అది ఏ దేశమో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

వరదకు తుంగభద్ర ఊళ్లోకి వచ్చిన ఏడు ఆ గోడ కూలిపోయింది. నీళ్లు తీశాక అందరూ బురదలో గిన్నెలు, కాగితాలు వెతుక్కుంటుంటే అక్క గిన్నెలతో పాటు ఆ బొమ్మను కూడా వెతికింది. దొరకలేదు. దాని మాట మళ్లీ ఎత్తలేదు కూడా.

నేను సోషల్ టీచరునయ్యాను. గోపాల్‌పేట వైపు బళ్లలో ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద దేశాల పటాలు గీశాను. వైశాల్యంలో రెండో పెద్ద దేశం కెనడా అని ఏటా చెప్పాను. మంచు గురించి గంటలు గంటలు చెప్పిన నాకు తెలిసిన మంచు మాత్రం వనపర్తిలో మా ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే. నిరుడు రిటైరయ్యాక, ఏమీ తోచక ఫోన్ తిప్పుతుంటే ఒక రోజు ఆ చెరువు కనిపించింది. అదే రంగు, అవే కొండలు. వెంటనే అక్కకు పంపాను. ఆమె కోడలు వీడియో కాల్ కలిపింది. అక్క ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది.

"పడవ లేదు. కానీ గదే!" అంది. ఆ గొంతు విన్నాక నేను ఆగలేకపోయాను. పోదాం పద అన్నాను.

మా ఆయనకు చలి పడదు. బావ పశువులను వదిలి రానన్నాడు. మిగిలింది మేమిద్దరం. హైదరాబాద్‌లో ఒక టూర్ల ఏజెంటుతో మాట్లాడాను. చెరువు నీళ్లు ఆ రంగులో కనిపించాలంటే అక్కడి ఎండాకాలం చివరన పోవాలని, తర్వాత గడ్డకడుతుందని చెప్పాడు. సెప్టెంబరు మొదటి వారం అనుకున్నాం.

అక్కడే వచ్చింది చిక్కు. సెప్టెంబరు అంటే మా అక్కకు క్రాసింగు కాలం. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో విత్తనాల కోసం వేసే పత్తి, సీడ్ పత్తి అంటాం. దాన్ని తేనెటీగలకు వదిలేయరు, మనుషులే చేతులతో కలుపుతారు. సాయంత్రం మొగ్గను బొటనవేలి గోటితో గిల్లి లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద సుతారంగా రుద్దాలి. ఒక్కో చెట్టుకు, ఒక్కో పువ్వుకు, రెండు నెలలు. ఒక్క పూట మానినా ఆ పూట పూసిన పువ్వంతా పోయినట్టే.

"పోనీ వచ్చే ఏడు చూద్దామా?" అన్నాను.

"వచ్చే ఏడు మాత్రం క్రాసింగ్ ఉండదా? ఈ ఏడు సీడ్ ఎయ్యం. కంది ఏస్తం" అంది అక్క.

అంత తేలిగ్గా అనేసింది గానీ అది చిన్న సంగతి కాదు. కంపెనీ తరఫున విత్తనం ఇచ్చే ఆర్గనైజరు ఇంటికొచ్చి, ఈ ఏడు మానితే వచ్చే ఏడు మీకే ఇస్తానో లేదో చెప్పలేనని అనిపోయాడట. అక్క సీడ్ పత్తి వేయని ఏడాది నాకు గుర్తు లేదు. ఇక ఈ ప్రయాణం ఆగిపోతే ఆ చెరువూ లేదు, పంటా లేదు. ఆశ పెట్టింది నేను. ఆ బరువంతా నా మీదే ఉన్నట్టుండేది.

జూన్‌లో ఏజెంటు ఫోన్ చేసి చాలా మామూలుగా చెప్పాడు, "మేడం, ఇద్దరూ వచ్చి పది వేళ్ల ముద్రలు ఇవ్వాలి. ముద్రలు లేకపోతే వీసా లేదు" అని.

పువ్వులు గిల్లీ గిల్లీ అక్క వేళ్ల మీద గీతలే సరిగా మిగల్లేదు. పాస్‌పోర్టు ఆఫీసులో నాలుగుసార్లు పెట్టిస్తే గానీ మిషన్ తీసుకోలేదు. రేషన్ దుకాణంలో కూడా ఒక నెల పడితే ఒక నెల పడవు. పడని నెల డీలరు ఇంకో మిషన్‌కు కన్ను చూపించమంటాడు. "రేషన్ బియ్యానికే పడ్తలేవు, కెనడాకు పడ్తయా?" అని బావ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాకు కోపం ఎక్కువ, ఆజ్ఞలు ఇంకా ఎక్కువ. ఆ రోజు నుంచి అక్క చేతులకు నేనే హెడ్‌మాస్టరునయ్యాను. నెల రోజులు పొలం పని బంద్ అన్నాను. అంట్లు తోమొద్దు, కట్టెలు ముట్టొద్దు, కలుపు తీయొద్దు. రోజూ రెండు పూటలా ఫోన్ చేసి కోడలిని సాక్ష్యం అడిగేదాన్ని. "మీ అత్త ఏం చేస్తుంది?" "ఊకెనే కూసున్నది అత్తమ్మ. పరేషాన్ అయితున్నది." "కానియ్యి."

జూలైలో తారీఖు దొరికింది. ఆ తారీఖు దాటితే మళ్లీ దొరికేది ఆగస్టు చివరనే, ఆ తర్వాత వీసా వచ్చేసరికి టూరు వెళ్లిపోతుంది. ముందు రోజు మధ్యాహ్నం అక్క వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. చేతులు కొంగు కింద దాచుకుని నవ్వుతోంది. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు అందుకోవడానికి చేతులు బయటపెట్టింది.

పది వేళ్లకూ గోరింటాకు. కొసల నిండా, టోపీలు తొడిగినట్టు, ఎర్రగా పండి ఉంది.

"ఏం చేసినవ్ అక్కా ఇది?"

"ఆషాడం గదా. చేతులు మెత్తగైతయని రుబ్బిచ్చి పెట్టుకున్న. మంచిగ పండింది, చూడు."

లోపలికి పరుగెత్తి వీసా వాళ్లు పంపిన కాగితం తీశాను. నాలుగో లైనులోనే ఉంది, వేళ్లకు గోరింటాకు, మెహందీ లాంటివి ఉండకూడదని. ఫొటో సైజు కింద ఎర్ర గీత గీసుకున్నాను, ఏయే కాగితాలు తేవాలో దాని కింద గీసుకున్నాను. ఈ లైను చదివాను కూడా, అక్కకు చెప్పాలని తట్టలేదు. ప్రశ్నపత్రం మొత్తం చదివిన తర్వాతే రాయండని ముప్పై ఏళ్లు పిల్లల వీపు మీద చరిచిన దాన్ని.

తప్పు నాదని తెలిసినా నోరు పారేసుకున్నది ఆమె మీదే. "ఒక్క నెల చేతులు కట్టుకొని కూసోనికి రాలేదా? గింత తెల్వదా నీకు?" అని అరిచాను. ఇంకేమేమో కూడా అన్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్క గ్లాసు కింద పెట్టింది. తన వేళ్లను తనే చూసుకుంది.

"ఎప్పుడూ ఈ నెలల సాళ్లల్లనే ఉంటిమి. ఈ చేతులకు గోరింటాకు పెట్టక ఎన్నేండ్లయిందో. ఖాళీగ ఉన్నయి గదా అని పెట్టుకున్న" అంది, మెల్లగా.

అక్కడ ఆగి ఉంటే మనిషినయ్యేదాన్ని. ఆగలేదు. ఆమెను పెరట్లో కూర్చోబెట్టి నిమ్మకాయ, ఉప్పు, బట్టల సబ్బు పొడి, కొబ్బరి పీచు ముందేసుకున్నాను. పొద్దు కుంకే వరకు ఒక్కో వేలు పట్టి తోమాను. తోమిన కొద్దీ ఇంకా ఎర్రబడింది. అక్క వద్దనలేదు, చేతులు నాకిచ్చేసి గోడ మీద పిట్టలను చూస్తూ కూర్చుంది. చివరకు "నీ చేతులు మండుతలేవా?" అని మాత్రం అడిగింది. మండుతున్నాయి. లేదన్నాను.

తెల్లవారి మొదటి బస్సుకు హైదరాబాద్ బయలుదేరాం. అక్క కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం దారి పొడుగునా, ముద్రలు పడకపోతే బావకు ఏం చెప్పాలి, ఆర్గనైజరు ఇంటికి పోయి ఎట్లా బతిమాలాలి అని కూడబలుక్కుంటూనే ఉన్నాను.

వీసా ఆఫీసులో టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టారు. ముందు అక్క నంబరు వచ్చింది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఆ వేళ్లు చూసి నవ్వింది.

"భలే పండింది అమ్మా. మా మిషన్‌కు నచ్చుతుందో లేదో చూద్దాం."

నేను వెనక నిలబడి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్క తల సర్దుకుంటున్నట్టు చెవి పక్కన జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది. తర్వాత కొంగుకు ఒకసారి ఒత్తి, గాజు పలక మీద పెట్టింది. ఎడమ చేయి నాలుగు వేళ్లు, పచ్చ లైటు. కుడి చేయి, పచ్చ లైటు. రెండు బొటనవేళ్లు కలిపి పెట్టింది. ఒక్క క్షణం ఆగింది మిషన్. మళ్లీ పచ్చ లైటు.

"అయిపోయింది అమ్మా" అంది అమ్మాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అమ్మాయిని కౌంటరు దాటి వెళ్లి కౌగిలించుకోవాలనిపించింది.

తర్వాత నా నంబరు. ధీమాగా చేయి పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను, ఎర్ర లైటు. చేయి మార్చాను, అదే ఎర్ర లైటు.

"మేడం, మీ వేళ్లు మరీ ఎండిపోయి ఉన్నాయి. చర్మం కూడా లేచింది. దేంతోనైనా కడిగారా?"

నా వేళ్లు చూసుకున్నాను. నిమ్మరసం, సబ్బు పొడి, పీచు కలిసి అక్క గోరింటాకును ఏమీ చేయలేకపోయాయి గానీ నా వేళ్ల కొసలు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి.

"ఇంకో రెండుసార్లు చూస్తాను మేడం. పడకపోతే మళ్లీ డేట్ తీసుకుని రావాలి."

మళ్లీ డేట్ ఎక్కడిది? నేను లేకుండా అక్క ఒక్కతే పోదు. వెనక కుర్చీలోంచి అక్క లేచి వచ్చింది.

"జర ఆగు బిడ్డా" అంది ఆ అమ్మాయితో. నా కుడి చేయి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. నూనె రాసి దువ్విన జుట్టు. నా వేళ్లను అందులో నాలుగుసార్లు రుద్దింది.

"నీ తలల ఏమున్నది, ఎండు గడ్డి. నూనె పెట్టుకోవే అంటే వినవు" అంది. కొంగుతో వేళ్లు అద్దింది. తనే నా చేతిని గాజు మీదికి తీసుకెళ్లింది. "గట్టిగ అదమకు. పువ్వు మీద పువ్వు ఆనిచ్చినట్టు పెట్టు."

ఆమె చెప్పినట్టే పెట్టాను. పచ్చ లైటు. రెండో చేయి కూడా అలాగే తల మీద రుద్ది పెట్టించింది. పచ్చ లైటు. బొటనవేళ్లు కూడా పడ్డాయి.

మెట్లు దిగుతూ అడిగాను, "గిది ఏడ నేర్చుకున్నవ్?"

"రేషన్ దుకాణం కాడ. అందరం గిట్లనే రుద్దుకుంటం. తలకు నూనె లేని దినమే పడదు."

"మరి నెల రోజుల సంది నేను చస్తుంటే చెప్పలేదేంది?"

"అడిగినవా నువ్వు?"

ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పనులన్నీ మాన్పించాను, చేతులు కట్టేశాను, తిట్టాను, తోమాను. ఒక్క మాట అడగలేదు. నవ్వు వచ్చింది, దాంతో పాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నిన్న గట్ల అన్నందుకు తప్పయింది అక్కా" అన్నాను. "నీ నోరు నాకు కొత్తనా? లే, ఆకలైతుంది" అంది. రోడ్డు పక్కన ఇడ్లీలు తిన్నాం. అంత రుచిగా నేను చాలా రోజుల తర్వాత తిన్నాను.

మూడు వారాలకు వీసాలు వచ్చాయి. ఆ రోజే పాస్‌పోర్టులు పట్టుకుని అక్క ఊరికి పోయాను. ఆమె కంది చేనులో కలుపు తీస్తోంది, నా ఆజ్ఞలు ఎప్పుడో గాలికి పోయాయి. గోరింటాకు వేళ్ల మీద వెలిసిపోయి గోళ్ల చివర్లలో మాత్రం ఎర్రగా మిగిలింది. మట్టి చేతులు చీరకు తుడుచుకుని, వీసా కాగితం మీద తన ఫొటోను చాలాసేపు చూసింది.

"ఇగ పోవుడేనా?"

"పోవుడే. కానీ ఆడ విమానం దిగినంక మళ్లొకసారి మిషన్ మీద వేళ్లు పెట్టమంటరంట" అన్నాను. ఈసారి కాగితం మొత్తం చదివాను, మొత్తం చెప్పాను. తర్వాత అడిగాను కూడా, "ఏం చేద్దాం అక్కా?"

అక్క పాస్‌పోర్టు నా చేతికిచ్చి, నా జుట్టు వైపు చూసింది.

"ఏముంది? ఇద్దరం తలకు నూనె పెట్టుకొని పోదాం. నీకు నేనే పెడ్త."